దీటైన జవాబు

మంత్రిగారు బల్ల గుద్దారు. మ్యాపు ఎగిరిపోకుండా నాలుగు మూలలా పెట్టిన టీ గ్లాసుల్లో ఒకటి ఒలికి, ఎగువపేట సగం తడిసింది.

"ప్రార్థన మందిరంలో బాంబా? జనం రేపు నా కాలరు పట్టుకుంటారు. దీటైన జవాబు చెప్పాల్సిందే," అన్నారు.

మందిరం ఎగువపేట వాళ్లది. ఏం జరిగినా వాళ్ల వేలు చూపించేది దిగువపేట వైపే. రెండు పేటలకూ దేవుడొక్కడే, దండం పెట్టే తీరే వేరు. ఆ కాస్త తేడాకే తరాలుగా పిల్లనివ్వరు, పిల్లను తెచ్చుకోరు. సరుకులు మాత్రం ఒకే కొట్లో కొంటారు.

తలుపులు వేసిన ఆ గదిలో ఉన్నది నలుగురే. మంత్రిగారు, పోలీసు పెద్ద, టీవీ ఆయన, సలహాదారు. ఇలాంటి చోట టీవీ ఆయనకేం పని అని ఎవరూ అడగలేదు. ఆయన లేకుండా ఈ రోజుల్లో ఏ గొడవ మొదలైంది కనుక?

పోలీసు పెద్ద పెన్సిలు తీసి దిగువపేట చుట్టూ సున్నా చుట్టాడు. పేట మొత్తం మూసేయాలన్నాడు. మీసం మొలిచిన ప్రతివాణ్నీ వ్యానెక్కించాలన్నాడు. మిల్లు వెనక సందులో ఇళ్లకు అనుమతులు లేవు కాబట్టి, ఆ వంకన బుల్డోజర్లు దింపొచ్చన్నాడు. టీవీ ఆయన మురిసిపోయాడు. అరెస్టులో చూడ్డానికి ఏముంటుంది, ఇల్లు కూలితే తెర నిండుగా ఉంటుందన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగే రకం ఆయన.

మిల్లు వెనక సందు అనగానే సలహాదారు మ్యాపు మీదికి వంగి ఆ సందును వెతికాడు. అందులో రెండో ఇల్లు వాళ్లక్కది. అమ్మ పోయాక తల్లై పెంచింది ఆ అక్కే. కిటికీ పక్కన మిషను మీద ఊరందరి బట్టలూ కుట్టి చదివించింది. ఫోన్ చేసి ఇల్లు ఖాళీ చెయ్యమందామంటే, ఈ గదిలో మాట గడప దాటకూడదు. దాటిందంటే అతని పని సరి.

ఇక మిగిలింది నోరొక్కటే. దానితోనే మంత్రిగారి మనసు మార్చాలి.

"అయ్యా, ఒక్కమాట," అన్నాడు. "బాంబు పెట్టినవాళ్లకి కావలసింది శవాలు కాదు, మన కోపం. మనం దిగువపేట మీద పడాలనే వాళ్ల ఆశంతా. ఇల్లు కూలిన కుర్రాడు ఎవరి దగ్గరికి పోతాడు? నేరుగా వాళ్ల దగ్గరికే. ఇన్నాళ్లూ వాళ్లని గుమ్మం ఎక్కనివ్వని పేటని మనమే తీసుకెళ్లి వాళ్ల ఒళ్లో పెట్టినట్టవుతుంది."

"అయితే గాజులు తొడుక్కుని కూర్చోమంటావా?"

"చేసినవాళ్లని పట్టుకోండి. మహా అయితే నలుగురుంటారు, పేట పేటంతా కాదు. ఈలోగా రెండు పేటల పెద్దల్నీ వెంటబెట్టుకుని మీరే శవాల వెనక నడవండి. దిగువపేట వాళ్లూ వచ్చి భుజం పడతారు. నాకు తెలుసు, వస్తారు."

పోలీసు పెద్ద పెన్సిలు కింద పెట్టేశాడు. మంత్రిగారు తల పంకించి, మ్యాపు మీద ఒలికిన టీ తుడిచారు. సలహాదారుకు ప్రాణం లేచొచ్చింది. అక్క ఇల్లు నిలిచినట్టే అనుకున్నాడు.

"మాట బాగానే ఉంది," అన్నారు మంత్రిగారు. "టీవీలో ఎలా ఉంటుంది?"

టీవీ ఆయన పెదవి విరిచాడు. శవాల వెనక నడిస్తే పిరికివాడంటామన్నాడు. బుల్డోజరు ముందు నడిస్తే సింహమంటామన్నాడు. ఎన్నికలు ఎంతో దూరంలో లేవని కూడా గుర్తుచేశాడు.

మంత్రిగారు ఇంక ఆలోచించలేదు. పెన్సిలు తానే అందుకుని మిల్లు వెనక సందు మీద అడ్డంగా గీత కొట్టారు. సలహాదారు ఆయన రెండు చేతులూ పట్టుకుని బతిమాలాడు. ఆ సందులో ఆడవాళ్లూ ముసలివాళ్లే ఎక్కువన్నాడు. అది తప్ప ఏ సందైనా ఫరవాలేదన్నాడు. ఆయన వినలేదు.

వినకపోగా లేచి అతని భుజం తట్టి, మెచ్చుకోలుగా అన్నారు: "నువ్వింత బాగా చెప్పినా మంత్రి వేషం కట్టిన నాకే బుద్ధి రాలేదంటే, అసలు మంత్రికి చచ్చినా రాదు, కాబట్టి ఇక అనుమానం పెట్టుకోకుండా రేపే ఎగువపేట మందిరంలో మన బాంబు పెట్టేద్దాం."