పద్నాలుగు రాత్రులు

మా వైపు పెద్ద వరద వచ్చి రైలు వంతెన కొట్టుకుపోయిన ఏడాది అది. ఆ ఏప్రిల్లో ఎల్డన్ తన పాత పికప్ బండి వెనక చక్రాల మీది చిన్న గదిలాంటి క్యాంపర్ తగిలించుకుని, భార్య మార్వాని ఎక్కించుకుని సముద్రం ఒడ్డుకి వెళ్ళాడు.

వెళ్ళినప్పటి నుంచీ చికాకే.

క్యాంపర్‌ని అక్కడి క్యాంపు మైదానంలో వాళ్ళకిచ్చిన చోటులోకి వెనక్కి నడిపి పెట్టడానికే గంట పట్టింది. మార్వా వెనక నిలబడి చేతులు ఊపింది.

"ఎడమకి తిప్పమన్నాను."

"ఎడమకే తిప్పాను."

"మరి ఎడమకి వచ్చిందా? చెట్టు మీదికి వచ్చింది."

తర్వాత వాన. చక్రాలు బురదలో దిగబడి క్యాంపర్ ఓ పక్కకి ఒరిగింది. పెనం మీద కొట్టిన గుడ్డు మూలకి జారిపోయేది. ఎల్డన్ చక్రాల కింద చెక్కలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి ఐదో రోజుకి సమం చేశాడు. ఆరో రోజు పైకప్పు కారింది. పదో రోజుకి తారు పూసి ఆపాడు. పొయ్యి మొదటి అగ్గిపుల్లకే వెలిగేసరికి పన్నెండో రోజు వచ్చింది.

సామానొకటి. మార్వా కుట్టుమిషను తెచ్చింది. గోడ గడియారం తెచ్చింది. వసంతంలో చలికోట్లు తెచ్చింది. కాళ్ళు చాపుకోవాలంటే ఏదో ఒకటి బయట పెట్టాలి.

పక్క చోటులో దిగిన గస్ గాలం కర్ర భుజాన వేసుకుని వచ్చి, తలుపులోంచి తొంగిచూశాడు.

"ఏమయ్యా ఎల్డన్, నాలుగు రోజుల సరదాకి కుట్టుమిషనెందుకు? సముద్రపు కాకులకి చొక్కాలు కుడతారా?"

"మా ఆవిడనడుగు."

"అడిగాను. నిన్నడగమంది."

పద్నాలుగో రోజు మధ్యాహ్నం క్యాంపు చూసుకునే రేంజరు అమ్మాయి చీటీల అట్ట పట్టుకుని వచ్చింది. ఆమె వానకోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"సార్, ఇవాళ్టితో మీ పద్నాలుగు రాత్రులూ అయిపోతాయి. రేపు ఒంటిగంటకల్లా చోటు ఖాళీ చెయ్యాలి."

"ఇంకో వారం ఉంటాం."

"కుదరదు సార్. ఎవరికైనా పద్నాలుగే. మూడు రాత్రులు బయట ఉండి మళ్ళీ రావచ్చు."

ఎల్డన్ ఎవర్నీ బతిమాలే మనిషి కాదు. టోపీ తీశాడు.

"ఇప్పుడిప్పుడే సమంగా నిలబడిందమ్మా. కారడం ఆగింది. ఆవిడకి ఈ చోటు నచ్చింది. పోనీ, ఆ మూలది ఖాళీగానే ఉందిగా, అందులోకి జరుగుతాం."

అమ్మాయి చీటీ తిరగేసింది.

"ఇంటి చిరునామా మిల్ వీధి అని రాశారు. మీ ఊరు రెండు గంటలేగా సార్. ఓ మూడు రోజులు మీ మంచం మీద హాయిగా పడుకుని రండి. ఈలోగా వాన కూడా తగ్గుతుంది."

"సరే," అన్నాడు ఎల్డన్. టోపీ పెట్టుకున్నాడు.

"పోనిద్దూ," అన్నాడు పక్క చోటు నుంచి వింటున్న గస్. "వేడినీళ్ళ స్నానం దొరుకుతుంది. నేనైతే పరిగెత్తుకుంటూ పోయేవాణ్ణి."

ఎల్డన్ చక్రం కింది చెక్కని ఒక్క తన్ను తన్నాడు. చెక్క కదల్లేదు. కాలు నొప్పెట్టింది.

లోపల మార్వా కిటికీ అద్దం మీది ఆవిరి తుడిచి సముద్రం చూస్తోంది.

"ఆ పిల్లకి చెప్పొచ్చుగా," అంది తల తిప్పకుండానే.

"ఏం చెప్పను?"

"ఉన్న సంగతి."

"నువ్వే వెళ్ళి చెప్పు."

మార్వా వెళ్ళలేదు. "నలభై ఏళ్ళు సముద్రం చూపిస్తా, చూపిస్తా అన్నావు. చూపించావులే," అంది.

"మెచ్చుకుంటున్నావా, తిడుతున్నావా?"

"రెండూ."

ఎల్డన్ మేకుకి వేలాడుతున్న గోడ గడియారం తీసి చలికోటులో చుట్టాడు.

"రేపు మళ్ళీ ఎడమకి తిప్పమంటావు కాబోలు."

"రేపు నేను నడుపుతా. నువ్వు వెనక నిలబడి చేతులూపు."

మర్నాడు పొద్దున పది మైళ్ళ అవతల మరో క్యాంపు గేటు దగ్గర చీటీ నింపుతూ, ఇంటి చిరునామా అన్న గడిలో అలవాటుగా మిల్ వీధి అని రాసిన ఎల్డన్, ఆ వీధిలో వరద ఒక్క ఇల్లు కూడా మిగల్చలేదని గుర్తొచ్చి, అది కొట్టేసి, క్యాంపర్ నంబరు రాశాడు.