ఈ పైపు బిగించిందెవడు?

“చుక్క కారినా లాడ్జి పని నీకు లేదు,” అన్నాడు శేషయ్య, బాత్రూం గుమ్మంలో కుర్చీ వేసుకుని.

మహానందిలో ఆయన కడుతున్న లాడ్జిలో ముప్ఫై బాత్రూములు. ఆ పని దొరికితే ప్లంబర్ వెంకటేష్‌కు ఏడాది పాటు పని వెతుక్కునే బాధ ఉండదు. అందుకే లాడ్జి కడుతున్న మేస్త్రీ ఈ మాట చెప్పగానే ఆళ్లగడ్డలో పొద్దున్నే బస్సెక్కి నంద్యాలలో శేషయ్య ఇంటికొచ్చాడు. తీరా వస్తే పెద్దాయన పరీక్ష పెట్టాడు. ముందు తన ఇంట్లో వాష్ బేసిన్ కింద కారుతున్న పైపు ఆపాలట.

శేషయ్యకు ప్లంబర్లంటే ఒళ్లు మంట. రేపొస్తామంటారు, ఆ రేపు రాదు. ఆ మంటలో వెంకటేష్‌ను మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు.

వెంకటేష్ బేసిన్ కింద దూరి, టార్చి వేసి చూశాడు. ప్లంబర్లందరిలాగే పాత పనివాణ్ని తిట్టడంతోనే పని మొదలుపెట్టాడు.

“ఎవడప్పా ఈ పైపు బిగించింది? వాషర్ గూడా వెయ్యకుండా తెల్ల సిమెంటు పూసిపోయినాడే! పని రానోడు.”

“నీకొచ్చా?”

“ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా నేను దూరని బాత్రూం లేదు పెద్దాయనా. ఇట్లాంటి దరిద్రం యాడా చూడలే.”

“నోరు ఆడినంత జోరుగా చెయ్యి గూడా ఆడనీ.”

వెంకటేష్‌కు తిక్క రేగింది. ఆ కోపమంతా పైపు మీద చూపించాడు. సిమెంటు గీకి పారేశాడు. కొత్త వాషర్ వేసి, టేపు చుట్టి, నట్టు బిగించాడు. కింద పాత పేపర్ పరిచి, బేసిన్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలాడు.

శేషయ్య లేచి, వంగి, పేపర్ తడిమాడు. మళ్లీ వదలమన్నాడు. మూడుసార్లూ పేపర్ పొడిగానే ఉంది. అయినా మెచ్చుకోవడం చేతకాని మనిషి, మొహం మాడ్చుకునే ఉన్నాడు.

“లాడ్జి పని నీదేలే పో. ఒకటి మాత్రం ఇను. ఇది బిగించినోడు నా లాడ్జిలో అడుగుపెట్టకూడదు. ఎనిమిదేండ్ల కిందట నేను ఊళ్లో లేనప్పుడొచ్చి బిగించిపోయె, నెల తిరక్కముందే కారె. పదిసార్లు ఫోన్ చేసినా ఎత్తలే, నా కొడుకు.”

“అట్లాంటోన్ని గేటు కాడికి గూడా రానియ్యాకు!” పని దొరికిన ఊపులో వెంకటేష్ ఆగలేదు. “వాని నంబరుంటే ఇయ్యి. నేనే మాట్లాడి కడిగేస్తా.”

“నంబరుకేం తక్కువ!”

శేషయ్య బాత్రూం తలుపు ముందుకు లాగాడు. దాని వెనక గోడ మీద, ప్లంబర్లు రాసిపోయే పద్ధతిలోనే, వెలిసిపోయిన నల్ల అంకెలు. ఆయన కళ్లు చికిలించి చూస్తూ తన ఫోన్లో ఆ నంబరు నొక్కాడు.

“ఇప్పుడన్నా ఎత్తుతాడేమో చూద్దాం. నువ్వే మాట్లాడు.”

వెంకటేష్ గొంతు సవరించుకున్నాడు.

మరుక్షణం అతని ప్యాంటు జేబులోనే ఫోన్ మోగింది.