తువ్వాలు కింద చెయ్యి

“ఇదిగో, మళ్లీ చెయ్యి దూర్చాడు చూడు!” అంటూ అంకమ్మరావు బాపయ్యను డొక్కలో పొడిచాడు.

బాపయ్య చూశాడు. కొట్టు అరుగు మీద, రేడియోకి జానెడు దూరంలో నన్నే సాహెబ్ కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గళ్ల తువ్వాలు. దాని కింద ఆయన చెయ్యి, ఆ చేతిలో ఇంకో చెయ్యి. ఆ రెండోది బాపయ్య సొంత గుమాస్తా ఖాజావలిది. పన్నెండేళ్లుగా కొట్టు తాళాలు మొలలో పెట్టుకు తిరుగుతున్న ఖాజావలిది!

గుంటూరు మిరప బజారులో తువ్వాలు కింద చెయ్యి దూరిందంటే అర్థం ఒక్కటే, బేరం. ఖరీదుదార్లు రేటు పైకి చెప్పరు. దుకాణదారు చెయ్యి పట్టుకుని, పైన తువ్వాలు కప్పి, వేళ్లు నొక్కి చెబుతారు. ఎవరు ఎంత నొక్కిందీ పక్కవాడికి తెలియకూడదు. అందరికంటే ఎక్కువ నొక్కినవాడిదే సరుకు. నోరు విప్పకుండా జన్మంతా వెళ్లబుచ్చేయగల వ్యాపారం అది. బాపయ్య చేతికి అందిన రేట్లు చీటీల మీద రాసుకునేది మాత్రం ఖాజావలే.

“నాలుగు రోజులుగా నీ కొట్లో మంచి కాయంతా ఎవరు కొంటున్నార్రా?” అన్నాడు అంకమ్మరావు. అతనూ ఖరీదుదారే.

“నన్నే సాహెబ్.”

“ఎంతకి?”

“మీ అందరికంటే రూపాయో, రెండో ఎక్కువకి.”

“మా రేట్లు ఆయనకెట్లా తెలుస్తున్నాయి? కలగంటున్నాడా? ఇవాళ కూడా మేమంతా నొక్కేశాం. ఇక మిగిలింది ఆయనొక్కడే. ఈలోగా నీ గుమాస్తా చెయ్యి ఆయన తువ్వాల్లో!”

బాపయ్య లెక్క వేసుకున్నాడు. నాలుగు రోజులంటే, టోక్యో ఒలింపిక్సు హాకీ కామెంటరీ కోసమని రేడియోని అరుగు మీదకి తెప్పించినప్పటినుంచే కదా! బజారంతా ఇక్కడే చేరుతోంది. ఖరీదుదార్లు ఏదో ఒక రేటు నొక్కేసి రేడియో దగ్గరికి పరిగెత్తుతున్నారు. నన్నే సాహెబ్ ఒక్కడే కాయ చిదిమి, వాసన చూసి, తీరిగ్గా నొక్కుతున్నాడు. గోడౌన్లో ఉన్న పాత కాయకి గిరాకీ ఉండాల్సిన రోజులివి. రేటు పడిపోయిందని తుళ్లూరు రైతొకాయన “ఇక నీ కొట్టు గడప తొక్కను” అని మొహం మీదే అనేసి పోయాడు.

“ఇంకోటి చూశావా?” అంకమ్మరావు గొంతు తగ్గించాడు. “ఇవాళ ఫైనలు ఎవరితో? పాకిస్తాన్‌తో. మనోళ్లు గోలు కొడితే బజారంతా లేచి గంతులేసింది. ఆయన కదిలాడా? గుడ్లప్పగించి కూర్చున్నాడు. ఖాజావలి చెయ్యి దూర్చాక అప్పుడు నవ్వాడు. అదేం నవ్వో మరి!”

“నోర్ముయ్‌రా. ముప్పయ్యేళ్లుగా ఎరుగుదును ఆయన్ని.”

అన్నాడే గాని, అనుమానం లోపల తొలుస్తూనే ఉంది. నిజమే, ఈమధ్య మనిషి మారాడు. ఎదురుపడితే నవ్వుతాడు గాని, వెనకనుంచి పిలిస్తే పలకడు. మద్రాసు కంపెనీ ఖరీదుదారునన్న మిడిసిపాటు. ఆ కంపెనీ మాత్రం తక్కువదా? చూపు ఆనడం లేదని నిరుడు తన పాత ఖరీదుదారు బుడే సాహెబ్‌ని ఉద్యోగంలోంచి నిలువునా తీసేసింది. వాళ్ల మెప్పు కోసం ఈయన ఎంతకైనా తెగించి ఉంటాడు.

అంతలో అరుగంతా ఒక్కసారి దద్దరిల్లింది. ఆట అయిపోయింది. మనవాళ్లు గెలిచారు! ఎవరో టపాకాయలు అంటించారు. ఆ సందట్లో ఖాజావలి చెయ్యి మళ్లీ తువ్వాలు కిందికి పోయింది.

బాపయ్య రెండంగల్లో వెళ్లి తువ్వాలు లాగి పారేశాడు.

“ఏం నొక్కావురా?”

ఖాజావలి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఒకటి... సున్నా అండి.”

“పది ఎక్కువ పెట్టమనా?”

“రేటు కాదండీ. ఆట. ఒకటి, సున్నా. మనం గెలిచామని చెప్పానంతే.”

“నేనేమన్నా చెవిలో పువ్వు పెట్టుకున్నానా? ఆయన మొహం ముందు రేడియో అరుస్తుంటే నువ్వు వేళ్లతో చెప్పాలా?”

ఖాజావలి నన్నే సాహెబ్ వైపు చూశాడు.

“చెప్పరా! నా పిల్లలతో పాటు చూసుకున్నాను నిన్ను. తప్పు చేశానని ఒప్పుకో, కడుపులో పెట్టుకుంటాను.”

“మీ ఉప్పు తిన్నవాణ్ణి, ద్రోహం చెయ్యలేదండి. ఇంతకుమించి అడక్కండి.”

“అయితే తాళాలు అక్కడ పెట్టి నడువు.”

ముగ్గురు పిల్లలు, ఈ జీతం తప్ప ఇంకో ఆధారం లేదు ఖాజావలికి. ఆ సంగతి బాపయ్యకీ తెలుసు. తెలిసే అన్నాడు, అని లోపల్లోపల ఏడ్చాడు. ఖాజావలి కళ్లు తుడుచుకుని తాళాలగుత్తి మొలలోంచి తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు.

తువ్వాలు లాగిందీ గెలుపు సంబరమే అనుకుని, అప్పటిదాకా రేడియో చుట్టూ గంతులేస్తున్నవాళ్లని చూసి మురిసిపోతున్న నన్నే సాహెబ్, ఇటు తిరిగి తాళాలు చూశాడు. నవ్వు ఎగిరిపోయింది. గబగబా లేచి, వెళ్లిపోతున్న ఖాజావలి జబ్బ పట్టుకున్నాడు.

“వీణ్ణి ఎందుకు పంపేస్తున్నావు బాపయ్యా?”

బాపయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. “దొంగలకి నా కొట్లో చోటు లేదు.”

నన్నే సాహెబ్ అతని గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకున్నాడు. “మళ్లీ చెప్పు.”

“దొంగలకి చోటు లేదన్నాను.”

“వద్దు, చెప్పొద్దు!” అని ఖాజావలి ఆయన చేతిని గట్టిగా నొక్కాడు. “మీ నౌకరీ పోతుంది.”

నన్నే సాహెబ్ ఆ చేతిని మెల్లగా విడిపించుకున్నాడు. చుట్టూ మూగిన ఖరీదుదార్లని, వాళ్ల ముందు నిలబడ్డ అంకమ్మరావుని ఒక్కసారి కలయజూశాడు. గొంతు సవరించుకుని, బజారంతటికీ వినపడేలా అన్నాడు.

“నాకు చెవుడు.”