ఓడ మీద తారీఖు ముద్ర

తాళ్ళరేవులో కట్టిన పాత సరుకు ఓడ బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేశారు. ఓడ యజమాని మనవడు మురళీకృష్ణ ఆ బిళ్ళ అంటించిన కవరు నా చేతిలో పెట్టాడు.

"మీ నాన్నగారు సరంగుగా నడిపిన ఓడేనండి బాబాయిగారూ. దాచుకోండి."

తపాలా వాళ్ళ బల్ల దగ్గర తారీఖు ముద్ర వేసే అమ్మాయి కవరు అందుకుని, "బొమ్మ పాడవకుండా మూలకి వేస్తానండి" అంది.

"ఓడ నడిమధ్యన వెయ్యమ్మా. గట్టిగా," అన్నాను.

తెరచాపలు నల్లసిరాలో మునిగాయి.

"అదేంటండీ, ఓడని ముంచేశారు!" అని నవ్వాడు మురళీకృష్ణ.

"మొదట ముంచింది మీ తాత. తుపాను కబురు తెలిసీ బయల్దేరదీశాడు. పోయినవాడు తిరిగొచ్చి చెప్పడు కదా, సరంగు తాగి ముంచాడని ఊరంతా చాటాడు. అప్పట్నుంచీ నేను తాగుబోతు సరంగు కొడుకుని. మా నాన్న కల్లు కూడా ముట్టి ఎరగడు."

మురళీకృష్ణ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసండి."