తీగతో వచ్చిన కాయలు

పందికొక్కు గున్నయ్య కలుగులోకి ఎలుకలు కూలికి వేరుశనగ కాయలు మోసేవి. ఒక్కో కాయా నోట కరుచుకుని చేనికీ కలుగుకీ తిరిగేవి. వాటిలో ముసలిదైన చిట్టెమ్మ ఈమధ్య దారి మరిచిపోతోంది. పని మాన్పిస్తారేమోనని దిగులు. మాటిమాటికీ తిరగక్కర్లేకుండా ఒకనాడు కాయలున్న తీగనే ఈడ్చుకొచ్చింది. అది చూసి అందరూ తీగలే లాగారు. మధ్యాహ్నానికే కలుగు నిండింది.

"పని తేలికైంది కదత్తా, సగం కూలి చాల్లే," అన్నాడు గున్నయ్య.

"కూలి నా కాళ్ళనొప్పికా అల్లుడూ, నీకొచ్చిన కాయలకా? సగమే ఇస్తే రేపట్నుంచి మళ్ళీ ఒక్కో కాయే తెస్తాం."

గున్నయ్య నిండిన కలుగు చూసుకుని, నవ్వి, కూలి పెంచాడు. ఆ కూలితో ఎలుకలు గిజిగాడి చేత మెత్తటి పడకలు అల్లించుకున్నాయి. గిజిగాడికీ పని దొరికింది.

చిట్టెమ్మకి మాత్రం దిగులు తీరలేదు. "రేపు దారి మరిస్తేనో?" అంది మెల్లగా.

"తీగలు ఈడ్చిన చార పడింది కదత్తా," అన్నాడు గున్నయ్య. "దాని వెంటే వచ్చెయ్."