విక్రాంత్ వీపు

“కదలకు. కోటు భుజం దగ్గర జారుతోంది,” అన్నాడు చిత్రకారుడు వోల్‌స్కి మాస్కులోంచి.

కిటికీ వైపు తిరిగి నిలబడ్డ ప్రవీణ భుజం సర్దుకుంది. ఆ చలికోటు ఆమె భర్త విక్రాంత్‌ది. కరోనాతో అతను ఆసుపత్రిలో చేరాక, బొమ్మ కోసం అతని బదులు ఆమే నిలబడుతోంది.

జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో వాళ్ళ పై అంతస్తులో ఉంటాడు వోల్‌స్కి. పోలండ్ వదిలి నలభై ఏళ్ళు దాటింది. తుపాకీ పట్టిన పాపాన పోలేదు గాని, జీవితమంతా యుద్ధాలే గీశాడు. పిల్లలాడుకునే బొమ్మ సైనికుల పెట్టెల మీద మొదలుపెట్టి, మ్యూజియం గోడల దాకా వెళ్ళాడు. ఇప్పుడు మ్యూజియాలన్నీ మూతపడ్డాయి. ఇది ఎవరూ అడగని బొమ్మ. యుద్ధం ముగిశాక మంచులో ఇళ్ళకు తిరిగి వెళ్తున్న సైన్యం.

ఆయనదొక పట్టింపు. నేలకొరిగినవాళ్ళకే ముఖాలు వేస్తాడు. బతికినవాళ్ళవి వీపులే.

“బతికినవాళ్ళ ముఖాలు ఇంట్లోవాళ్ళు చూసుకుంటారుగా. నేనెందుకు వెయ్యడం?” అంటాడు.

“నా మొఖం అక్కర్లేదంట, వీపు గావాల్నంట!” అని మొదటిరోజు విక్రాంత్ పడీపడీ నవ్వాడు. ప్రవీణకు ఆ నవ్వు గుర్తొచ్చింది. ఏమీ అనిపించలేదు. పొద్దుటి నుంచీ ఆమెకేమీ అనిపించడం లేదు.

“ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందా?” అడిగాడు వోల్‌స్కి.

“వచ్చింది. మధ్యాహ్నానికి టైమిచ్చారు. నన్ను రమ్మన్నారు.”

కుంచె ఆగిపోయింది. “ఇన్నాళ్ళూ గడప తొక్కనివ్వలేదు కదా! లోపలికి రానిస్తారా?”

“ఊఁ.”

“చూశావా, నేను చెప్పలేదూ! నేను వీపు వేసినవాడు ఇల్లు చేరకుండా ఉండడు.”

ముసలాయన హుషారుగా కుంచె ఆడించాడు. కోటు మడతల మీద కాస్త వెలుగు, బూట్ల చుట్టూ కాస్త మంచు. తర్వాత వెనక్కి జరిగి, చేతులు తుడుచుకున్నాడు.

“అయిపోయింది. ఇక వెళ్ళు, ఆలస్యం చెయ్యకు. ఆ కోటు కూడా తీసుకెళ్ళు, బయట చలి. అతనికి కావాలి.”

ప్రవీణ కోటు విప్పి, మడతపెట్టి, కుర్చీ మీద ఉంచింది. బొమ్మ దగ్గరికొచ్చి చూసింది. మంచులో విక్రాంత్ అటు తిరిగి ఇంటికి నడుస్తున్నాడు. ఆమె ఫోన్‌లో అతని ఫోటో తెరిచి, రంగుల పక్కన పెట్టింది.

“ముఖం వెయ్యండి,” అంది.