పొయ్యికి ముందు పేరు

ఇళ్ళలో పొయ్యీ కుళాయీ దీపమూ అన్నీ నోటిమాటతో నడిచే రోజులవి. ఒకరు “పొయ్యి” అంటే గోడవతల వాళ్ళ పొయ్యి కూడా వెలుగుతోందని కొత్త నియమం తెచ్చారు. ఇకమీదట ప్రతి కమాండ్‌కీ ముందు, దాన్ని రాసినవాళ్ళ పేరు పలకాలి.

వరహాలమ్మ ఇంట్లో కమాండ్‌లన్నీ ఆమె భర్తే రాశాడు. ఆయన పోయి నెల కాలేదు.

“ఒక్కపాలి ఆయన పేరు అని సూడమ్మా,” అంది మార్పులు చేయడానికి వచ్చిన దమయంతి.

“ఆయన పేరు నానెప్పుడూ అన్నేదు తల్లీ. పెళ్ళినాడు గడపకాడ అందరూ అడ్డుకుని అడిగినా సెప్పనేదు. ఇంకో పేరు పెట్టీ.”

“పేరు మార్చాలంటే రాసినాయన ఒప్పుకోవాలమ్మా.”

దమయంతి వెళ్ళిపోయింది. కడిగిన బియ్యం గిన్నెలో నానుతూనే ఉంది. వరహాలమ్మకు ఏడుపు రాలేదు. ఆకలేసింది.

“సన్యాసిరావు పొయ్యి,” అంది.

పొయ్యి వెలిగింది. తర్వాత కుళాయి, దీపం, మళ్ళీ పొయ్యి. రోజూ అంతే.

మాసికంనాడు పంతులుగారు దర్భలు సర్దుకుంటూ, “పోయినవారి పేరేమిటమ్మా?” అని అడిగారు.

వరహాలమ్మ తడుముకోకుండా చెప్పింది. చెప్పి, పొయ్యి వెలిగిందేమోనని వంటింటివైపు చూసింది.